దీపావళి ఎప్పుడని మా అమ్మాయి అడిగింది: మన తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

న్యూజెర్సీ, జులై 2026

కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాలు వదులుకుని మీరు సంఘాన్ని నడుపుతున్నారని తెలుసు. రెండేళ్ల కింద రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నాలుగు గంటలు నేనూ నిలబడ్డాను కాబట్టి ఆ కష్టం కొంత చూశాను. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

పండగ సంబరాలను పండగ రోజునే, చిన్నపిల్లలకు వీలుగా జరపమని గత నవంబర్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి మీకు మెయిల్ రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "మీ సూచనను కమిటీ దృష్టికి తీసుకెళ్తాం" అని వచ్చింది. మూడోదానికి "ఐడియాలు ఉన్నవాళ్లు వాలంటీర్లుగా ముందుకు రావాలి" అన్నారు. పిల్లాణ్ని చంకనేసుకుని వాలంటీరుగా రావడానికి వీలులేని సంబరం గురించే కదా నేను రాసింది! అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. హాలు బుక్ చేసేది ఆగస్టులో గనుక ఇప్పుడే రాస్తున్నాను.

ఏ సంఘమో పేరు రాయడం లేదు. నాది హనుమకొండ, మా ఆయనది అమలాపురం దగ్గర. మా ఇంట్లో రెండు రాష్ట్రాలూ ఉన్నాయి, రెండు సంఘాలకూ సభ్యత్వం కడతాం. రెండుచోట్లా కథ ఒకటే. అందుకని ఈ లేఖ ఎవరికి వారు తమకే అనుకోవచ్చు.

ముందు పోయినేడు జరిగింది చెప్తాను.

2025లో దీపావళి అక్టోబర్ 20, సోమవారం. మన "దసరా–దీపావళి సంబరాలు" నవంబర్ 15న పెట్టారు. పండగ అయిపోయిన ఇరవై ఆరు రోజులకు. మధ్యలో కార్తీక పౌర్ణమి కూడా వచ్చి వెళ్లిపోయింది. ఆహ్వానంలో సాయంత్రం నాలుగు గంటలు అని వేశారు. మేం నాలుగున్నరకు వెళ్లేసరికి స్టేజి మీద మైకు సరిచేస్తున్నారు. జ్యోతి ప్రజ్వలన ఐదూ నలభైకి అయింది. స్కూలు ఆడిటోరియంలో నిప్పు ముట్టించనివ్వరు, అది వాళ్ల నిబంధన, తప్పు పట్టను. బ్యాటరీ దీపం పెట్టారు. ఆ దీపాన్ని ఆరుగురు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వెలిగించారు. ఒకరి ఫొటో అవగానే వెనక నుంచి ఎవరో ఆర్పి, రెండోవారికి ఇస్తున్నారు. అప్పటికి నాలుగేళ్ల మా అమ్మాయి చాలాసేపు చూసి, "వాళ్లకి ఆన్ చేయడం రావట్లేదా అమ్మా?" అంది.

ఆ తర్వాత అధ్యక్షుల వారి ప్రసంగం, మాజీ అధ్యక్షులకు శాలువాలు, స్పాన్సర్ల పరిచయం. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మేవారు, ఇన్సూరెన్సు వారు, ఇంటి లోన్ల వారు, ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు అన్నారు, ఎవరూ ఐదుతో ఆపలేదు. డాన్సు స్కూళ్ల పిల్లలు స్టేజి ఎక్కేసరికి ఏడుంపావు. పిల్లాణ్ని తోసుకెళ్లే బండిని, స్ట్రోలర్‌ను, హాల్లోకి రానివ్వలేదు, నడవలో అడ్డమని. ఆరు నెలల పిల్లాడికి పాలివ్వడానికి ఎక్కడా చోటు లేక, పార్కింగులో కారు హీటర్ వేసుకుని కూర్చున్నాను. భోజనాలు తొమ్మిదింపావుకు. పిల్లల డబ్బాలో చల్లారిన పిజ్జా ముక్క, చిప్స్ ప్యాకెట్టు. అప్పటికే మా అమ్మాయి, వాళ్ల అమ్మమ్మ కుట్టించి పంపిన పట్టులంగాతోనే, మా ముగ్గురి జాకెట్లు నేలమీద పరిస్తే వాటిమీద పడి నిద్రపోయింది. ఎత్తుకొచ్చి కారు సీట్లో బెల్టు పెడుతుంటే కళ్లు తెరిచి అడిగింది.

"అమ్మా, దీపావళి ఎప్పుడు?"

ఆ సాయంత్రం మొత్తంలో పండగలాంటిది ఒక్కటే జరిగింది. అదీ హాల్లో కాదు, బయట లాబీలో. సిద్దిపేట వైపు పెద్దావిడ ఒకరు, కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు, కుర్చీల్లో నడుం నొప్పి పుట్టి బయటికొచ్చి కూర్చున్నారు. మా అమ్మాయి రిజిస్ట్రేషన్ బల్లమీది బంతిపూలు లాగుతుంటే నేను కసిరాను. ఆవిడ "లాగనీ" అని, పక్కనే ఉన్న కాగితం పళ్లెం తీసుకుని, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. "గట్ల కాదు బిడ్డా, కాడ లోపటికి, పువ్వు బయటికి" అంటూ రెండు వరసలు పేర్పించారు. బతుకమ్మ పోయి నెలన్నర అయింది, అయినా పేర్పించారు. మూడో వరసకు పూలు చాల్లేదు. మరుసటి వారమే ఆవిడ తిరుగు ప్రయాణం. ఆ కాగితం పళ్లెం మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఎండిపోయేదాకా ఉంది. జనవరిలో నేనే పారేశాను, పారేసినందుకు పిల్ల చేత మాటలు పడ్డాను.

చిన్నపిల్లలున్న ఇళ్ల మీద దీని ప్రభావం ఎలా ఉంటుందో మీరు స్టేజి మీదినుంచి చూసే వీలు లేదు. కాబట్టి రాస్తున్నాను.

1. మాకు ఇక్కడ పెద్దవాళ్లు లేరు. ఫోన్లో ఉన్నారు కదా అంటారు. హనుమకొండలో బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, సాయంత్రం ఆరంటే మాకు పొద్దున ఎనిమిదిన్నర, స్కూలుకు బయల్దేరే వేళ. పద్మాక్షి గుట్ట దగ్గర మా అమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంటుంది. ఇక్కడ మా అమ్మాయి ఒక కాలికి బూటు వేసుకుని, పాలలో సీరియల్ తింటూ చూస్తుంది. అటు చప్పట్లు వినిపిస్తుండగానే నేను ఫోను పెట్టేసి పిల్లను బయటికి ఈడ్చుకెళ్లాలి. పోనీ మా అమ్మానాన్నలే వచ్చారంటే, విజిటర్ వీసా మీద మామూలుగా ఇచ్చేది ఆర్నెల్లు. చలికి జడిసి ఏప్రిల్‌లో వస్తారు, సెప్టెంబర్ దాటకుండా వెళ్లిపోతారు. సరిగ్గా పండగల ముందు ఇల్లు ఖాళీ.

2. ఊళ్లో అయితే ఒకరు పూలు తెస్తే ఒకరు సద్దులు కలిపేవారు, పిల్లలు ఎవరో ఒకరి ఒళ్లో ఉండేవారు. ఇక్కడ నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర, మలీద అన్నీ ఒక్క మనిషే చేయాలి, అదీ ఆఫీసు మీటింగుల మధ్య. పోయినేడు దీపావళి నాడు మా ఆయన ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఏడున్నరకు పిల్లలు నిద్రపోతారు. మా దీపావళి గంటసేపు. అందులో అరగంట అగ్గిపెట్టె వెతకడానికే సరిపోయింది.

3. కారు నడపడం ఇంకా రాని తల్లులున్నారు, భర్త ఉద్యోగం మీద భార్యకు ఇచ్చే హెచ్4 వీసాతో వచ్చి ఏడాది కూడా కానివాళ్లు. శనివారాలే డ్యూటీ ఉండే గ్యాస్ స్టేషన్లు, దుకాణాలు, మోటెళ్లలో పనిచేసే కుటుంబాలున్నాయి. ముప్పై మైళ్ల అవతల ఒకే ఒక్క హాల్లో, ఒకే ఒక్క శనివారం, మనిషికింత టికెట్టు పెట్టి చేసే సంబరానికి వీళ్లు రాలేరు. వీళ్లను ఆ హాల్లో ఎప్పుడూ చూడలేదు కాబట్టి మీకు వీళ్లు లెక్కలోకి రావట్లేదు.

4. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. అక్టోబర్ 31న, హాలోవీన్ నాడు, మా వీధి వీధంతా మా గుమ్మంలోకి వస్తుంది. పిల్లలు నడిచే వెళ్తారు, తలుపు కొడతారు, చాక్లెట్లు తెచ్చుకుంటారు, ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉంటారు. ఆ పండగ మీద నాకేం కోపం లేదు. మా అమ్మాయి పోయినేడు గుమ్మడికాయ వేషం కూడా వేసింది, బాగుంది. కానీ అది చేతులతో చేసే పండగ, మనది కుర్చీలో కూర్చుని చూసే పండగ అని నాలుగేళ్లకే దాని మనసులో పడిపోయింది. ఎంత తలకిందులు! దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు పెట్టించుకున్న ఊళ్లు మనవి. మా మామగారు ఆ విల్లు రంగుకాగితం అంటించుకుని తనే చేసుకునేవారట, అందులోంచి పూలు, బుక్కా రంగుపొడి ఎగిరేవట. తలుపు కొట్టి అడిగే పండగ మనకు లేక కాదు, మనం మర్చిపోయాం.

ఇప్పుడు ఈ ఏడాది క్యాలెండర్ చూడండి. బతుకమ్మ తొలిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ, అక్టోబర్ 10, శనివారం. దీపావళి నవంబర్ 8, ఆదివారం. రెండూ సెలవు రోజునే పడ్డాయి. "వర్కింగ్ డే కాబట్టి ముందుకో వెనక్కో జరిపాం" అని చెప్పడానికి ఈసారి వీలు లేదు. దసరా ఒక్కటే మంగళవారం, అక్టోబర్ 20, దాని సంగతి కింద చెప్తాను.

మా కోరికలు ఇవి.

1. దీపావళిని నవంబర్ 8నే చేయండి, పొద్దుగూకే వేళ, ఆరుబయట. ఆ ముందు ఆదివారం, నవంబర్ 1నే గడియారాలు గంట వెనక్కి తిప్పుతాం. కాబట్టి 8న ఐదు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది. చలి అని సణుగుతాం గానీ చంటిపిల్లల తల్లులకు ఇంతకంటే మంచి దీపావళి దొరకదు: ఐదుంపావుకు చీకటి, ఆరున్నరకు భోజనం, ఏడున్నరకు పక్క. న్యూజెర్సీలో 2017 నుంచి చేతితో పట్టుకునే కాకరపువ్వొత్తులకు చట్టం అనుమతి ఉంది, కొనేవారికి పదహారేళ్లు నిండాలి అంతే. మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో దొరుకుతాయి. ఫైర్ మార్షల్‌తో ముందే మాట్లాడి, పార్కు వారి అనుమతి తీసుకుని, బకెట్లలో నీళ్లు, ఇసుక పెట్టండి. కాకరపువ్వొత్తి మొన దాదాపు రెండువేల డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉంటుంది కాబట్టి అయిదేళ్లలోపు వాళ్ల చేతికి అది వద్దు, ప్రమిద ఇవ్వండి. ఒక్కో పిల్ల ఒక్కో మట్టి ప్రమిదలో తనే నూనె పోసి, తనే వత్తి వేసి, పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటే తనే వెలిగించాలి. ఆరుగురు పెద్దల కోసం ఆర్పి మళ్లీ వెలిగించే పని ఉండదు.

2. ఎంగిలిపూల బతుకమ్మను అక్టోబర్ 10న కౌంటీ పార్కులో పెట్టండి, మూడు నుంచి ఆరున్నర దాకా. పిక్నిక్ షెడ్డు పర్మిట్ మీద ఇస్తారు, హాలు అద్దెతో పోలిస్తే ఎంతో కాదు. పెద్ద బతుకమ్మల పోటీ, బహుమతులు ఈ ఒక్కరోజూ వద్దు. పిల్లకొక పళ్లెం, గుప్పెడు పూలు. పూలు ఎక్కణ్నుంచి అంటారేమో. తంగేడు ఇక్కడ లేదు, నిజమే. కానీ మన గునుగు, ఇక్కడి నర్సరీల్లో అమ్మే సెలోషియా ఒకే జాతి మొక్కలు. వెన్నులా నిలబడే రకం కొంటే మా అమ్మ కూడా గునుగే అనుకుంది. చామంతులు ఈ సీజన్లో ప్రతి కిరాణా కొట్టు గుమ్మంలోనూ కుండీల్లో ఉంటాయి. పసుపుపచ్చకు గోల్డెన్‌రాడ్ ఉంది, సెప్టెంబర్‌లో రోడ్ల పక్కన విరగబూస్తుంది. దానివల్ల తుమ్ములొస్తాయని భయపడతారు గానీ ఆ పాపం అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ అనే కలుపుమొక్కది. పార్కుల్లో కోయనివ్వరు, పెరట్లో ఉన్నవాళ్లు తేవాలి. చెరువులో వేయనివ్వరు కాబట్టి పెద్ద టబ్బులో నీళ్లు పోసి అందులో సాగనంపుదాం. పిల్లలకు టబ్బే చెరువు.

3. దసరా మంగళవారం కాబట్టి హాలు వద్దు, ఏమీ వద్దు. తెలుగు ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వీధుల పట్టిక ఒకటి తయారు చేయండి, ఇష్టమైనవాళ్లే పేరిస్తారు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా పిల్లలు అట్టతో చేసిన విల్లంబులు పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్తారు, జమ్మి ఆకుకు బదులు ఏ ఆకైనా ఇచ్చి పెద్దవాళ్ల కాళ్లకు దండం పెడతారు, పప్పుబెల్లాలు తీసుకుంటారు. ప్రతి ఇంట్లో పది పొట్లాలు చాలు. పుట్నాలు, బెల్లం పొట్లాల మీద ఏమేం వేశారో రాసిపెట్టండి. ఇక్కడ పల్లీల అలర్జీ ఉన్న పిల్లలు చాలామంది, నువ్వులను కూడా 2023 జనవరి నుంచి ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో చేర్చారు. దీనికి సంఘం ఖర్చు సున్నా. నాలుగేళ్లుగా ఒక్కరితోనూ మాట కలపని మా వీధి తెలుగువాళ్లు కూడా అవతలి తలుపు కొడతారు. నేను ముందు మా ఎదురింటి తలుపు కొడతాను.

4. వచ్చి ఉన్న పెద్దవాళ్ల పేర్లు తీసుకోండి. ఆ సిద్దిపేట ఆవిడ లాంటివాళ్లు ఈ చుట్టుపక్కల ప్రతి అపార్టుమెంటులోనూ ఉన్నారు. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని కొడుకు, కోడలు ఎప్పుడొస్తారా అని చూస్తుంటారు. బొమ్మల కొలువు పేర్చడం, బతుకమ్మ పేర్చడం, అట్లతద్దికి గోరింటాకు పెట్టడం, పిండివంటకు పాకం పట్టడం వీళ్లకు వచ్చు, మాకు రాదు. మీరు వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతున్నారు. ఒక శనివారం మధ్యాహ్నం మా పిల్లలను వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. తెచ్చి దింపే పని కారున్న మేం చూసుకుంటాం.

5. స్టేజి కార్యక్రమం మానమనడం లేదు. అది ఇష్టపడేవాళ్లు ఉన్నారు, డాన్సు నేర్చుకునే పిల్లల కష్టమూ ఉంది. కానీ అది వేరే రోజు పెట్టుకోండి, దానికి దీపావళి అని పేరు పెట్టకండి. పెట్టినరోజున ఆహ్వానంలో వేసిన టైముకు మొదలుపెట్టండి. పిల్లల భోజనం ఆరింటికి, అన్నం పప్పు చాలు. ఒక తరగతి గది తెరిపించి అందులో పాలిచ్చే తల్లులకు కుర్చీలు వేయండి. స్ట్రోలర్లు పెట్టుకోవడానికి చోటు చూపించండి. సన్మానాలూ ప్రసంగాలూ అన్నీ కలిపి ఇరవై నిమిషాలు.

6. స్కూళ్ల సంగతి. న్యూయార్క్ నగరంలో 2023 చట్టం తర్వాత, 2024 నవంబర్ 1న మొదటిసారి బడులన్నీ దీపావళికి మూశారు. మన రాష్ట్రంలో కొన్ని డిస్ట్రిక్టులు సెలవిస్తున్నాయి, కొన్ని ఇవ్వడం లేదు. ఇవ్వనిచోట కూడా రాష్ట్ర విద్యా బోర్డు విడుదల చేసే మతపరమైన సెలవుల పట్టిక ఉంది. అందులోని పండగ రోజున తల్లిదండ్రులు రాసిచ్చి బడి మాన్పిస్తే పిల్లలకు హాజరు బహుమతుల్లో నష్టం రాకూడదు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది తెలియదు, నాకూ రెండేళ్లు తెలియదు. టీచరుకు రాసే ఉత్తరం నమూనా ఒకటి, ఆ పట్టికలో మన పండగల తేదీలు, సెప్టెంబర్‌లోనే సభ్యులందరికీ పంపండి. ఒక్క పేజీ పని.

7. పండగల ఖర్చులో పిల్లల పద్దు ఎంతో లెక్క చెప్పండి.

డబ్బు ఎక్కడిదంటారని తెలుసు. స్పాన్సర్లు మైకు ఇస్తేనే చెక్కు ఇస్తారని ఒక కార్యవర్గ సభ్యులు నాతోనే అన్నారు. మైకు బదులు, పార్కులో బజ్జీల బండి పెట్టి దానిమీద వాళ్ల బ్యానరు కట్టండి. చలిలో వేడి బజ్జీ ఇచ్చినవాడి పేరు మాకు గుర్తుంటుంది, ఐదు నిమిషాలని పదిహేను నిమిషాలు మాట్లాడినవాడి పేరు నాకు ఒక్కటీ గుర్తులేదు. వాలంటీర్లు ఎక్కడంటారా? పిల్లలు ఆడుకుంటున్నచోట తల్లులు ఖాళీగానే ఉంటారు, పని చెప్పండి. వాన వస్తే? షెడ్డు ఉంటుంది. మరీ గాలివాన అయితే ఎవరింట్లో వాళ్లం వెలిగించుకుంటాం, ఎలాగూ ఇప్పుడు చేస్తున్నదదే.

ఆగస్టు 15 లోపు రెండు సంఘాల నుంచీ జవాబు కావాలి. మూడు తేదీలకు అవును, కాదు అని చెప్పినా చాలు. కాదన్నచోట కారణం రాయండి. జవాబు రాకపోతే పార్కు పర్మిట్‌కు నా పేరు మీదే దరఖాస్తు పెడతాను. ఈ లేఖ చదివి ఇప్పటికే తొమ్మిది మంది తల్లులు వస్తామన్నారు. సంఘం బ్యానరు ఉన్నా లేకపోయినా అక్టోబర్ 10న పూలు పేరుస్తాం. మీరు చేస్తే మూడువందల మంది పిల్లలకు అందుతుంది, మేం చేస్తే పాతికమందికి. తేడా అంతే, అదే పెద్ద తేడా అని ఈ లేఖ.

మా డెక్ మీద ఆరు కుండీల్లో సెలోషియా వేశాను. ఇప్పుడు జానెడెత్తు ఉన్నాయి, రోజూ పొద్దున మా అమ్మాయే నీళ్లు పోస్తోంది, పిల్లాడు మట్టి తింటున్నాడు. అక్టోబర్ 9 సాయంత్రం కోస్తాం. కత్తెర ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
రెండు సంఘాల సభ్యురాలు